ఎండను అంకెల్లో చదివించడం: ప్రాంతాల వారీ సౌరశక్తి దత్తాంశాల విశ్లేషణకు ఉపాధ్యాయుల మార్గదర్శి

తెలుగులో ‘ఎండ’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మిరపకాయలు ఎండలో ఆరబోశారంటే అది వెలుగు. ఈ ఏడాది ఎండలు మండిపోతున్నాయంటే అది వేడి. వాడుకలో ఈ రెండూ కలిసిపోయి ఉండటం వల్ల, సౌర విద్యుత్తుకు ఏ ఊరు అనువైనదని తరగతిలో అడగ్గానే సగం మంది విద్యార్థులు ఒక్క అంకె కూడా చూడకుండానే రెంటచింతల అనో రామగుండం అనో చెబుతారు. అది తెలివితక్కువ జవాబు కాదు. భాష నేర్పిన జవాబు. ఆ నమ్మకాన్ని దత్తాంశాలతో పరీక్షించే పద్ధతిని విద్యార్థుల చేతికి అందించడమే ఈ పాఠం పని. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు దీన్ని నడపవచ్చు. ఎనిమిది పీరియడ్లు, ఇంటర్నెట్ ఉన్న ఒక్క కంప్యూటర్, ఏదైనా స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం ఉంటే చాలు. ల్యాబ్ లేని బడిలో నెలవారీ సగటులను అచ్చు తీసి పంచి, గ్రాఫ్ కాగితం మీదే చేయించవచ్చు. చేత్తో గీసిన గ్రాఫును పిల్లలు ఎక్కువ శ్రద్ధగా చూస్తారని కూడా నా అనుభవం.

మొదటి అడుగు: ఊళ్ళను జతలుగా ఎంచుకోవడం

ఈ పాఠం బాగా నడుస్తుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో విద్యార్థికి ఇష్టమైన ఊరు ఎంచుకోమంటే చివరికి ముప్పై ఊళ్ళ అంకెలు వస్తాయి గానీ, వాటి మధ్య తేడాలకు కారణం మాత్రం తేలదు. అక్షాంశం, ఎత్తు, మబ్బులు, దుమ్ము, సముద్ర సామీప్యం అన్నీ ఒకేసారి మారిపోతుంటే ఏది దేనివల్ల జరిగిందో పెద్దవాళ్ళకైనా చెప్పడం కష్టం. అందువల్ల ఒక అంశం దాదాపు సమానంగా ఉండి, మరొకటి బాగా తేడాగా ఉండే జతలను ఉపాధ్యాయుడే ముందుగా ఎంచి పెట్టాలి. నేను వాడే జతలు మూడు.

అనంతపురం, లేహ్ మొదటి జత. అనంతపురం రేఖాంశం 77.60 డిగ్రీలు, లేహ్ రేఖాంశం 77.58 డిగ్రీలు. పటం మీద స్కేలు పెట్టి గీస్తే రెండూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. అక్షాంశాలు మాత్రం 14.68, 34.15 డిగ్రీలు. అక్షాంశ ప్రభావాన్ని చూపడానికి ఇంతకంటే చక్కని జత మన దేశంలో దొరకడం కష్టం. రెండో జత జోధ్‌పూర్, చిరపుంజి. వీటి అక్షాంశాలు సుమారు 26.2, 25.3 డిగ్రీలు, అంటే సూర్యుడు ఈ రెండు ఊళ్ళకూ ఇంచుమించు ఒకే కోణంలో కనిపిస్తాడు. ఒకటి ఎడారి అంచున, మరొకటి ప్రపంచంలోనే అత్యధిక వర్షపాతం గల ప్రాంతాల్లో ఒకటైన కొండ అంచున ఉంది. మూడో జత మనకు దగ్గరిది: హైదరాబాదు, విశాఖపట్నం. 17.4, 17.7 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్న ఈ రెండింటిలో ఒకటి పీఠభూమి మీద, మరొకటి సముద్రం ఒడ్డున ఉంది.

దత్తాంశాలు చూపించేముందు ప్రతి బృందం చేత మూడు ఊహలు కాగితం మీద రాయించి, తేదీ వేయించి, మీ దగ్గర పెట్టుకోండి: జతలో ఏ ఊరికి ఏడాది మొత్తం మీద ఎక్కువ వెలుగు అందుతుంది, ఏ నెలలో తేడా అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది, అందుకు కారణం ఏమిటి. చివరి పీరియడ్‌లో ఈ కాగితాలు మళ్ళీ అవసరమవుతాయి.

రెండో అడుగు: కొలత ఏమిటో తేల్చుకోవడం

నేలకు సమాంతరంగా పరిచిన ఒక చదరపు మీటరు పలక మీద ఒక రోజంతా పడే సౌర శక్తిని కిలోవాట్ గంటల్లో చెబుతారు. ఒక కిలోవాట్ గంట అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ కాబట్టి, ‘రోజుకు చదరపు మీటరుకు ఇన్ని యూనిట్లు’ అని చెబితే విద్యార్థులకు వెంటనే అర్థమవుతుంది. ఇదే రాశిని వ్యవసాయ వాతావరణ పట్టికల్లో మెగాజౌళ్ళలో ఇస్తారు. ఒక యూనిట్ 3.6 మెగాజౌళ్ళు గనుక 5.5 యూనిట్లు అక్కడ 19.8గా కనిపిస్తుంది. ఈ మార్పిడిని ముందే చేయించకపోతే తర్వాత ఏమవుతుందో నాలుగో అడుగులో చెబుతాను.

ఇక్కడే సామర్థ్యానికి, వనరుకు మధ్య తేడా కూడా స్పష్టం చేయాలి. రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు సామర్థ్యం 2,245 మెగావాట్లు, ఓర్వకల్లు ప్రాంతంలోని కర్నూలు సౌర పార్కుది 1,000 మెగావాట్లు అని చదివిన విద్యార్థి భడ్లాలో ఎండ రెండింతలు ఉంటుందని అనుకోవచ్చు. నిజానికి ఆ అంకెలు ఎన్ని సౌర పలకలు (సోలార్ ప్యానెళ్ళు) పరిచారో చెబుతాయే తప్ప ఒక్కో పలక మీద ఎంత వెలుగు పడిందో చెప్పవు.

మూడో అడుగు: వాతావరణం లేకపోతే ఎంత?

చాలామంది ఈ మెట్టును వదిలేసి నేరుగా డౌన్‌లోడుకు వెళ్తారు. వదలకండి. వాతావరణం పైఅంచున, అంటే గాలి, మబ్బు, దుమ్ము ఏవీ అడ్డురాని చోట, ఒక ఊరి నెత్తిన ఒక రోజులో ఎంత శక్తి పడుతుందో కేవలం జ్యామితితో లెక్కగట్టవచ్చు. సూర్యకిరణాలకు లంబంగా ఉన్న ప్రతి చదరపు మీటరుకు అక్కడ సుమారు 1,361 వాట్లు అందుతాయి. ఇంటర్ విద్యార్థులు పగటి నిడివిని స్వయంగా కనుక్కోగలరు: అక్షాంశపు టాంజెంటును సూర్యుని క్రాంతి టాంజెంటుతో గుణించి గుర్తు మారిస్తే సూర్యాస్తమయ కోణపు కొసైన్ వస్తుంది, ఆ కోణాన్ని రెట్టింపు చేసి 15తో భాగిస్తే పగటి గంటలు తేలతాయి. క్రాంతి అంటే సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్న కోణం. డిసెంబరు 21 ప్రాంతంలో అది మైనస్ 23.44 డిగ్రీలు. ఈ లెక్క ప్రకారం ఆ రోజు అనంతపురంలో పగలు సుమారు 11 గంటల 8 నిమిషాలు, లేహ్‌లో 9 గంటల 43 నిమిషాలు. మధ్యాహ్నం సూర్యుడు అనంతపురంలో దిగంతానికి 52 డిగ్రీల ఎత్తున ఉంటే, లేహ్‌లో 32 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు.

శక్తి లెక్క పూర్తి చేస్తే వచ్చే అంకెలు ఇవి. డిసెంబరు ఆయనాంతం (ఏడాదిలో అతి తక్కువ పగలు ఉండే రోజు) రోజున అనంతపురం నెత్తిన చదరపు మీటరుకు సుమారు 7.9 యూనిట్లు, లేహ్ నెత్తిన 4.7 యూనిట్లు. జూన్ ఆయనాంతం (అతి ఎక్కువ పగలు ఉండే రోజు) రోజున అనంతపురానికి 10.6, లేహ్‌కు 11.5. ఈ నాలుగు అంకెలు నల్లబల్ల మీద రాసి కాసేపు ఊరుకోండి. చలి ప్రాంతమైన లేహ్‌కు జూన్‌లో అనంతపురం కన్నా ఎక్కువ శక్తి అందుతుందంటే పిల్లలు మొదట నమ్మరు. పగలు అక్కడ పద్నాలుగు గంటలకు పైగా ఉంటుందని గుర్తు చేశాక ఒప్పుకుంటారు. వేడి వేరు, వెలుగు వేరు అన్న సంగతి మొదటిసారి అర్థమయ్యేది ఈ క్షణంలోనే.

నాలుగో అడుగు: దత్తాంశాల సేకరణ

బడి అవసరాలకు రెండు ఉచిత వనరులు సరిపోతాయి. ప్రపంచ బ్యాంకు అందుబాటులో ఉంచిన గ్లోబల్ సోలార్ అట్లాస్‌లో పటం మీద ఎక్కడ నొక్కినా దీర్ఘకాలిక సగటు కనిపిస్తుంది. మొదటి పరిచయానికి అది బాగుంటుంది గానీ విశ్లేషణకు రోజువారీ అంకెలు కావాలి. వాటికి నాసా పవర్ అనే వెబ్ సేవ ఉంది. అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, కనీసం పది సంవత్సరాల కాలాన్ని ఎంచి, రోజువారీ వరుసను స్ప్రెడ్‌షీట్‌కు పనికొచ్చే ఫైలుగా దించుకోవచ్చు. ప్రతి ఊరికీ నాలుగు రాశులు తీసుకోండి: అన్ని రకాల ఆకాశ స్థితుల్లో నేలకు చేరిన వికిరణం (వెలుగుగా వచ్చే సౌర శక్తి), మబ్బే లేకపోతే చేరి ఉండేది, వాతావరణం పైఅంచున పడేది, రెండు మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత.

ఈ సేవలో మొదట వాడుకరి వర్గాన్ని ఎంచుకోమంటారు. పునరుత్పాదక ఇంధన వర్గాన్ని ఎంచితే అంకెలు కిలోవాట్ గంటల్లో, వ్యవసాయ వర్గాన్ని ఎంచితే మెగాజౌళ్ళలో వస్తాయి. ఒక బృందం ఒకటి, మరో బృందం ఇంకొకటి ఎంచితే ఒక ఊరికి మూడున్నర రెట్లకు పైగా ఎండ ఉన్నట్టు తేలుతుంది. ఈ పొరపాటును ముందే ఆపవద్దని నా సలహా. జరగనిచ్చి, నేలకు చేరిన అంకెను మూడో అడుగులో లెక్కగట్టిన పైఅంచు అంకెతో పోల్చమనండి. ఆకాశం నుంచి పడిన దానికన్నా నేలకు ఎక్కువ చేరడం ఎలా సాధ్యమని వాళ్ళే అడుగుతారు.

ఈ అంకెలు ఊరి మధ్యలో పరికరం పెట్టి కొలిచినవి కావని కూడా చెప్పాలి. ఉపగ్రహాలు చూసిన మబ్బుల ఆధారంగా నమూనా లెక్కలతో వచ్చినవి. సౌర రాశుల కోసం పటాన్ని గడులుగా విభజించి ఒక్కో గడికి ఒకే అంకె ఇస్తారు; ఒక్కో గడి ఒక డిగ్రీ వెడల్పు, ఒక డిగ్రీ పొడవు ఉంటుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. పక్క మండలంలోని బడి అంకెలు కూడా అచ్చంగా అవే రావచ్చు. విశాఖపట్నం గడిలో కొంత సముద్రం ఉంటుంది, లేహ్ గడిలో లోయా శిఖరాలూ కలిసిపోతాయి. నేల మీద కొలిచే కేంద్రాలు కూడా మన దేశంలో ఉన్నాయి; చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ సౌర వికిరణ కొలత కేంద్రాలను దేశంలో చాలాచోట్ల నెలకొల్పింది.

ఐదో అడుగు: శుభ్రం చేయడం

దించుకున్న ఫైలు మొదట్లో కొన్ని వరుసల వివరణ ఉంటుంది. దాన్ని చెరిపేయకుండా వేరే షీటులో దాచమనండి, ఎందుకంటే యూనిట్లు, కాలం, రాశుల పేర్లు అందులోనే ఉంటాయి. ఆ వివరణలోనే లోపించిన విలువకు గుర్తుగా మైనస్ 999 వాడామని రాసి ఉంటుంది. ఇటీవలి రోజులకు అంకె ఇంకా సిద్ధం కాకపోతే ఆ గడిలో ఇదే కనిపిస్తుంది.

దీని ప్రమాదాన్ని ఒక లెక్కతో చూపించండి. 30 రోజుల నెలలో 29 రోజులు 5.5 చొప్పున ఉండి, ఒక్క రోజు మైనస్ 999 ఉంటే నెల సగటు దాదాపు మైనస్ 28 అవుతుంది. ఋణాత్మక వికిరణం ఉండదు గనుక ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది. కానీ 365 రోజుల్లో 364 రోజులు 5.4 చొప్పున ఉండి ఒక్క రోజు మాత్రమే లోపిస్తే ఏడాది సగటు 2.65 వస్తుంది. ఇది మంచి అంకెలాగే కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఆ ఊళ్ళో మబ్బులు ఎక్కువని ఎవరో ఒకరు కారణం కూడా కల్పిస్తారు. అందుకే సగటు తీసేముందు ప్రతి నిలువు వరుసలోనూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడటం అలవాటు చేయాలి. మైనస్ 999 ఉన్న గడిని ఖాళీగా ఉంచాలి, సున్నా రాయకూడదు. ఖాళీ గడిని స్ప్రెడ్‌షీట్ సగటులో లెక్కించదు, సున్నాను మాత్రం లెక్కిస్తుంది.

ఆరో అడుగు: నెలలుగా, కార్తెలుగా

పది సంవత్సరాల అంకెలను నెలల వారీగా సగటు కట్టించి, జతలోని రెండు ఊళ్ళనూ ఒకే గ్రాఫు మీద గీయించండి. నిలువు అక్షం సున్నా దగ్గరే మొదలవ్వాలి, అన్ని బృందాలూ ఒకే కొలబద్ద వాడాలి. కంప్యూటర్ తనంతట తాను 4 దగ్గర మొదలుపెట్టి గీసిన గ్రాఫులో హైదరాబాదు, విశాఖల మధ్య చిన్న తేడా కూడా కొండంతగా కనిపిస్తుంది.

మన ప్రాంతపు ఊళ్ళకు నెలల విభజన అంత బాగా నప్పదు. జూన్ మొదటి వారం వేసవి, చివరి వారం వాన. రెండూ కలిపి సగటు తీస్తే మార్పు మాయమవుతుంది. అందుకు కార్తెలు మేలు; సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. అవి 27 గనుక ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర రోజులు. పంచాంగం చూసి తేదీలు రాయించి, రోజువారీ అంకెలను కార్తెల వారీగా కూడా సగటు కట్టించండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత విద్యార్థులకు తెలుసు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ కార్తెకు, దాని తర్వాత వచ్చే మృగశిర, ఆరుద్రలకు మధ్య హైదరాబాదు అంకెలు ఎలా దిగుతున్నాయో చూడమనండి. ఖగోళ లెక్క ప్రకారం ఏడాదిలో అత్యధిక శక్తి అందాల్సిన రోజుల్లోనే నేల మీద గీత కిందికి జారుతుంది. రైతులకు తరతరాలుగా తెలిసిన రుతు విభజన ఇక్కడ విశ్లేషణ పనిముట్టు అవుతుంది. కార్తెల లెక్క సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి తేదీలు ఏటా ఇంచుమించు అవే ఉంటాయి, సగటు కట్టడానికి ఇబ్బంది లేదు.

ఏడో అడుగు: కారణాన్ని వేరు చేయడం

నేలకు చేరిన దాన్ని పైఅంచున పడిన దానితో భాగిస్తే వచ్చే భిన్నం ఆకాశం ఎంత తేటగా ఉందో చెబుతుంది. 0.7 వస్తే పడిన దానిలో పదింట ఏడు వంతులు దిగాయని, 0.3 వస్తే మబ్బే ఎక్కువగా తినేసిందని అర్థం. ఈ ఒక్క భాగాహారం పాఠం మొత్తానికి ఇరుసు లాంటిది, ఎందుకంటే సూర్యుని కోణం వల్ల వచ్చే తేడా అందులో చాలావరకు తొలగిపోతుంది.

జోధ్‌పూర్, చిరపుంజిలకు ఈ భిన్నాన్ని నెలవారీగా గీయిస్తే వానాకాలంలో రెండు గీతలూ ఎంత దూరం జరుగుతాయో కనిపిస్తుంది. అక్షాంశం ఒకటే గనుక ఆ దూరాన్ని సూర్యుడి మీదికి నెట్టడం కుదరదు. అనంతపురం, లేహ్‌ల జతలో డిసెంబరు వికిరణాన్ని, డిసెంబరు భిన్నాన్ని పక్కపక్కన పెట్టించండి. వికిరణంలో లేహ్ వెనుకబడటానికి ఎంత భాగం తక్కువ పగలు, వాలు కిరణాలు కారణమో, ఎంత భాగం ఆకాశమో అప్పుడు విడదీయవచ్చు. అయితే ఈ జత నేను మొదట చెప్పినంత శుద్ధమైనది కాదు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పలుచన, తేమ తక్కువ. అక్షాంశంతో పాటు ఎత్తు కూడా మారిందన్న మాట. ఈ లోపాన్ని మీరు చెప్పవద్దు, ఎవరైనా పట్టుకునే దాకా ఆగండి. పట్టుకున్న విద్యార్థికి అదనపు మార్కులు ఇవ్వవచ్చు.

మబ్బు లేనప్పుడు చేరి ఉండేదానికీ నిజంగా చేరినదానికీ ఉన్న తేడా కూడా తీయిస్తే, దుమ్ము, తేమల వాటాను పక్కన పెట్టి మబ్బుల వాటాను మాత్రమే చూడవచ్చు. ఇది పై తరగతుల వారికి.

ఎనిమిదో అడుగు: సగటు దాచేది

ఏడాది సగటు దాదాపు సమానంగా ఉన్న రెండు ఊళ్ళు బ్యాటరీ కొనేవాడికి సమానం కావు. ప్రతి ఊరికీ 3 యూనిట్ల కన్నా తక్కువ వెలుగు అందిన రోజులెన్నో, అవి వరుసగా గరిష్ఠంగా ఎన్ని రోజులు వచ్చాయో లెక్కించమనండి. మధ్యగతాన్ని, చతుర్థాంశాలను కూడా తీయించండి. గణితంలో నేర్చుకున్న ఈ కొలతలకు ఇంత పనికొచ్చే సందర్భం మళ్ళీ త్వరగా దొరకదు. విశాఖ బృందానికి 2014 అక్టోబరు వరుసను విడిగా ఇచ్చి, ఏ రోజు ఏం జరిగిందో అంకెలు చూసి చెప్పమనండి. ఆ నెల 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. దాని చుట్టుపక్కల రోజుల అంకెలను అదే నెల పదేళ్ళ సగటుతో పోల్చడం మంచి అభ్యాసం.

తొమ్మిదో అడుగు: వెలుగు నుంచి విద్యుత్తుకు

ఇప్పుడు రెంటచింతల ప్రశ్నకు తిరిగి రావచ్చు. పలకల సామర్థ్యాన్ని చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగు, 25 డిగ్రీల ఘటపు (పలకలోని సెల్) ఉష్ణోగ్రత అనే ప్రామాణిక స్థితిలో నిర్ణయిస్తారు. స్ఫటిక సిలికాన్ ఘటం అంతకన్నా వేడెక్కే ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.5 శాతం శక్తిని కోల్పోతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద ఘటం 60 డిగ్రీలకు చేరితే, 0.4 శాతం చొప్పున 35 డిగ్రీలకు 14 శాతం తగ్గుదల. అంటే వేడి సౌర విద్యుత్తుకు తోడు కాదు, అడ్డు. లేహ్ చలి అక్కడి పలకలకు లాభమే.

తర్వాత సులభమైన అంచనా వేయించండి. రోజుకు చదరపు మీటరుకు 5.5 యూనిట్ల వెలుగు పడే చోట, వేడి, దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ నష్టాలు కలిపి నాలుగో వంతు పోయిందనుకుంటే, ఒక కిలోవాట్ వ్యవస్థ నుంచి రోజుకు సుమారు 4.1 యూనిట్లు వస్తాయి. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు అని సోలార్ అమర్చేవాళ్ళు చెప్పే మాట ఇక్కడి నుంచే వచ్చింది. మనం వాడినది నేలకు సమాంతరమైన పలక లెక్క అన్న హెచ్చరిక కూడా అవసరం. దక్షిణానికి వాల్చి బిగించిన పలకకు లేహ్ శీతకాలంలో దక్కే అదనపు లాభం అనంతపురంలో కన్నా చాలా ఎక్కువ. తరగతిలో ఎవరి బంధువులైనా మెల్‌బోర్న్‌లో ఉంటే, అక్కడ పలకలను ఎటు వాల్చారో ఫోన్‌లో అడిగి తెలుసుకోమనండి.

ఇళ్ళ మీద సోలార్ ఉన్న కుటుంబాల నుంచి నెలవారీ ఉత్పత్తి అంకెలు తెప్పించి అంచనాతో పోల్చవచ్చు. బిల్లు కాపీలు తెస్తే పేరు, సర్వీసు నంబరు కొట్టేశాకే తరగతిలో చూపాలి.

పదో అడుగు: సొంత కొలత

ఐదు లేదా పది వాట్ల చిన్న పలక, ఒక మల్టీమీటరు ఉంటే బడి ఆవరణలోనే వెలుగును కొలవవచ్చు. పలక రెండు తీగల మధ్య మల్టీమీటరును పది ఆంపియర్ల రంధ్రంలో కలిపి చూస్తే వచ్చే విద్యుత్ ప్రవాహం పడిన వెలుగుకు ఇంచుమించు అనులోమంగా ఉంటుంది. పలక వెనుక చీటీ మీద ప్రామాణిక వెలుగులో ఈ ప్రవాహం 0.60 ఆంపియర్లని ఉండి, మీకు 0.45 కనిపిస్తే వెలుగు చదరపు మీటరుకు సుమారు 750 వాట్లు. పలకను నేలకు సమాంతరంగా ఉంచి ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు గంటకొకసారి రాసి కూడితే ఆ రోజు మొత్తానికి దగ్గరి అంకె వస్తుంది. ఇంటి మీది పెద్ద పలకలతో ఈ పని ఎంతమాత్రం చేయకూడదు, సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. కొన్నాళ్ళ తర్వాత నాసా అంకె వచ్చాక రెండూ పోల్చి, తేడా ఎందుకొచ్చిందో చర్చించండి. మధ్యాహ్నం భోజన విరామంలో వేపచెట్టు నీడ పలక మీద పడిందని ఎవరైనా ఒప్పుకోవచ్చు. అది కూడా నివేదికలో రాయాల్సిన విషయమే.

చివరి అడుగు: నివేదిక

ప్రతి బృందం రెండు పుటల నివేదిక రాయాలి. అందులో ఒక వాదన, దానికి ఆధారమైన ఒక గ్రాఫు, ఆ వాదన ఎక్కడిదాకా చెల్లుతుందో చెప్పే ఒక పేరా తప్పనిసరి. ‘జోధ్‌పూర్ చిరపుంజి కన్నా మేలు’ అన్న వాక్యాన్ని అంగీకరించకండి. దేనికి మేలు, ఏ నెలల్లో, ఎన్ని సంవత్సరాల అంకెలను బట్టి అన్నది అందులో ఉండాలి. మార్కుల్లో సగం ఆ పరిమితుల పేరాకే ఇవ్వండి, లేకపోతే దాన్ని ఎవరూ శ్రద్ధగా రాయరు. మొదటి రోజు రాసిన ఊహల కాగితాన్ని నివేదికకు జతచేయించి, ఏ ఊహ నిలిచింది, ఏది ఏ అంకె దగ్గర వీగిపోయింది అని కింద ఒక వాక్యం రాయించండి. తప్పిన ఊహకు మార్కులు తగ్గించకూడదు. దించుకున్న మూల ఫైళ్ళను, దించిన తేదీతో సహా, బడి కంప్యూటర్‌లో ఒక చోట ఉంచితే వచ్చే ఏడాది తరగతి వాటికి మరో పన్నెండు నెలలు చేర్చి మొదలుపెట్టవచ్చు.